లో యాంగిల్ అంటే అధికారమేనా? షాట్‌నూ కట్‌నూ చదవడం నేర్చుకునే పద్ధతి

మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. షాట్ల (కెమెరా ఆగకుండా తీసిన ముక్కల) పేర్లు, యాంగిల్స్, కట్లలో (ఒక షాట్ నుంచి మరో షాట్‌కు మారే చోట్లలో) రకాలు మీకు తెలుసు. లో యాంగిల్ (కెమెరా కిందినుంచి పైకి చూడటం) అంటే అధికారం, హై యాంగిల్ (పైనుంచి కిందికి చూడటం) అంటే నిస్సహాయత, వంకరగా పెట్టిన ఫ్రేమ్ అంటే అలజడి అనే పట్టికలు కూడా చదివారు. అయినా సినిమా చూస్తున్నప్పుడు ఇవేవీ ఉపయోగపడటం లేదు. పట్టుబట్టి విశ్లేషణ రాస్తే అది టెక్నిక్‌ల జాబితాగా మిగిలిపోతోంది. కెమెరా కొనాలా, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలా, సిద్ధాంత గ్రంథాలు చదవాలా, లేక ఇంకా ఎక్కువ సినిమాలు చూడాలా అన్నది మీ సందేహం.

నేను చాలాకాలంగా ఎడిటింగ్ చేస్తున్నాను, కొత్తగా వచ్చేవారికి నేర్పిస్తున్నాను కూడా. ఆ అనుభవంతో సూటిగా చెప్పాలంటే, ఏ టెక్నిక్‌కూ దానికదిగా స్థిరమైన అర్థం లేదు. ఒక షాట్ అర్థం మూడు చోట్ల నుంచి వస్తుంది: దాని ముందూ వెనకా ఉన్న షాట్ల నుంచి, ఆ సినిమా అప్పటిదాకా మనకు అలవాటు చేసిన తీరు నుంచి, ఆ స్థానంలో ఉండగలిగి కూడా లేకుండా పోయిన ఇతర షాట్ల నుంచి. అందువల్ల "ఈ షాట్‌కు అర్థమేమిటి?" అని అడిగితే జవాబు దొరకదు. "దీన్ని ఇలా కాకుండా మరోలా తీసివుంటే, లేదా మరోచోట కట్ చేసివుంటే, నాకు ఏమి తేడా కనిపించేది?" అని అడగాలి. ఈ ఒక్క ప్రశ్న వేసుకోవడం అలవాటైతే మిగిలినదంతా సాధనతో వస్తుంది. కెమెరా కొనవలసిన అవసరం లేదు. వంద సినిమాలు చూడటం కన్నా ఒక్క మూడు నిమిషాల సన్నివేశంతో వారం రోజులు గడపడం ఎక్కువ నేర్పుతుంది.

పట్టికలు ఎందుకు పనికిరావో ఒక ఉదాహరణతో చెబుతాను. 1941లో వచ్చిన "సిటిజన్ కేన్"లో కథానాయకుడు ఎన్నికలో ఓడిపోయిన తర్వాత, ప్రచార కాగితాలు చిందరవందరగా పడివున్న కార్యాలయంలో అతని పాత స్నేహితుడు తాగి వచ్చి అతన్ని నిలదీసే సన్నివేశం ఉంది. కెమెరా దాదాపు నేల మట్టంలో ఉంటుంది; అంత కిందికి దింపడానికి సెట్‌లో నేలను తవ్వవలసి వచ్చింది. పట్టిక ప్రకారం అంతటి లో యాంగిల్‌లో ఉన్న మనిషి అత్యంత శక్తిమంతుడై ఉండాలి. కానీ ఆ క్షణంలో అతను ఎన్నిక ఓడాడు, స్నేహితుణ్ణి పోగొట్టుకుంటున్నాడు. అతని భారీ శరీరం ఫ్రేమ్‌నంతా నింపుతుంది, తలపైన సీలింగ్ నొక్కుతున్నట్టు కనిపిస్తుంది, ఆ శరీరానికి తగిన బలం మాత్రం ఇక లేదని మనకు తెలుసు. అక్కడి బాధంతా ఆ ఎత్తుకూ ఈ ఓటమికీ మధ్యనున్న వైరుధ్యంలోనే పుడుతోంది. అదే షాట్‌ను కంటి మట్టంలో తీసివుంటే ఓటమి కనిపించేది గానీ, ఓడిపోయినా తగ్గడం తెలియని మనిషి కనిపించేవాడు కాదు.

ఇక్కడే ఒక చిన్న జాగ్రత్త. కెమెరా ఎత్తు వేరు, కెమెరా కోణం వేరు. చాలామంది ఈ రెండింటినీ కలిపేస్తారు. జపాన్ దర్శకుడు ఓజు తన కెమెరాను చాలా తక్కువ ఎత్తులో పెట్టేవారు, కానీ దాన్ని పైకి ఎత్తి చూపకుండా దాదాపు సమతలంగానే ఉంచేవారు. అందుకే ఆ సినిమాల్లో మనుషులు మన మీదికి ఒరిగినట్టు ఉండరు. మనం కూడా వాళ్లతోపాటు ఆ గదిలో నేలమీద కూర్చున్నట్టు ఉంటుంది. "లో యాంగిల్" అని ఒక్క మాట రాసి వదిలేస్తే ఈ తేడా పూర్తిగా జారిపోతుంది.

ముందు ఆ సినిమా అలవాటు ఏమిటో తెలుసుకోండి. ప్రతి సినిమా మొదటి పది పదిహేను నిమిషాల్లో తన పద్ధతిని మనకు నేర్పేస్తుంది. షాట్లు సగటున ఎంతసేపు నిలుస్తున్నాయి, కెమెరా కదులుతుందా లేదా, మనుషులకు ఎంత దగ్గరగా వెళుతుంది, ప్రధాన పాత్ర లేని చోటికి కథ వెళుతుందా వెళ్లదా అన్నవి ఆ వ్యవధిలోనే స్థిరపడతాయి. ఆ తర్వాత అర్థం పుట్టేది ఎక్కువగా ఆ అలవాటు తప్పిన చోట. ఓజు 1953లో తీసిన "టోక్యో స్టోరీ"లో కెమెరా దాదాపుగా కదలదు. పిల్లల ఇళ్లలో చోటు దొరకని వృద్ధ దంపతులు బయట కూర్చున్న చోట మాత్రం అది ఒక గోడ వెంబడి నెమ్మదిగా జరిగి వాళ్లను చేరుకుంటుంది. ఆ కదలికనే నిరంతరం ట్రాలీ మీద తిరిగే సినిమాలో పెట్టి చూడండి, ఎవరూ గమనించరు. ఇక్కడ మాత్రం అది మన గుండెను తాకుతుంది, ఎందుకంటే అంతవరకూ నిశ్చలంగా ఉన్న చూపు వాళ్లకోసం కదిలింది. టెక్నిక్ అదే, విలువ వేరు. ఆ విలువను నిర్ణయించింది చుట్టూ ఉన్న నిశ్చలత్వం.

క్లోజప్‌కు కూడా ఇదే వర్తిస్తుంది. సన్నివేశం మొదటి మాట నుంచే క్లోజప్‌లు వాడేస్తే, అసలైన మాట వచ్చేసరికి దగ్గరికి వెళ్లడానికి చోటు మిగలదు. ఎడిటింగ్ టేబుల్ దగ్గర నేను అన్నిటికన్నా జాగ్రత్తగా కాపాడేది ఆ మొదటి క్లోజప్‌నే. రష్‌లో (షూటింగ్‌లో తీసిన ముడి ఫుటేజ్‌లో) ఎంత మంచి క్లోజప్ ఉన్నా, సన్నివేశం దాన్ని కోరేదాకా మిడ్ షాట్‌లోనే (మనిషి నడుము పైభాగం కనిపించే షాట్‌లోనే) ఉంటాను. మీరు చూస్తున్న సన్నివేశంలో మొదటి క్లోజప్ ఏ మాట మీద వచ్చిందో, ఎవరి మీద వచ్చిందో రాసుకోండి. చాలాసార్లు సన్నివేశం ఎవరిదో, దాని మలుపు ఎక్కడుందో ఆ ఒక్క గమనికతోనే తేలిపోతుంది.

ఇప్పుడు కెమెరా విషయంలో మీరు తప్పనిసరిగా తెలుసుకోవలసిన ఒక భౌతిక సత్యం. వైడ్ లెన్స్ (ఎక్కువ వెడల్పును చూపేది) దూరాన్ని పెంచుతుంది, టెలీ లెన్స్ (దూరంగా ఉన్నదాన్ని పెద్దగా చూపేది) దూరాన్ని కుదిస్తుంది అని అందరూ రాస్తారు. నిజానికి ముందున్నదానికీ వెనకున్నదానికీ మధ్య కనిపించే నిష్పత్తిని నిర్ణయించేది లెన్స్ కాదు, కెమెరా నిలబడిన దూరం. ఆ దూరం నుంచి ఎంత భాగాన్ని ఫ్రేమ్‌లోకి తీసుకోవాలో మాత్రమే లెన్స్ నిర్ణయిస్తుంది. మీ ఫోన్‌తోనే ఇది పరీక్షించవచ్చు. ఒక మనిషిని కొంత దూరంలో నిలబెట్టి మామూలుగా తీయండి. తర్వాత ఆ దూరం రెట్టింపయ్యేలా వెనక్కి వెళ్లి, ముఖం ఫ్రేమ్‌లో అంతే పరిమాణంలో వచ్చేలా రెండింతలు జూమ్ చేసి తీయండి. మనిషి మారడు, అతని వెనకున్న గోడ, చెట్టు, కిటికీ మాత్రం పెద్దవై అతని మీదికి వచ్చినట్టు కనిపిస్తాయి. ట్రాలీ ముందుకు నడుపుతూ జూమ్‌ను వెనక్కి లాగితే, మనిషి అలాగే ఉండి వెనకున్న ప్రపంచం మాత్రం సాగిపోయే ఆ ప్రసిద్ధమైన షాట్ వచ్చేది కూడా ఈ కారణంగానే.

ఇది తెలియడం వల్ల విశ్లేషణలో లాభమేమిటంటే, మీరు "టెలీ లెన్స్ వాడారు" అనే దగ్గర ఆగకుండా "మనల్ని ఈ మనిషికి చాలా దూరంలో నిలబెట్టి, అయినా అతని ముఖాన్ని దగ్గరగా చూపిస్తున్నారు" అని చూడగలుగుతారు. అదొక ప్రత్యేకమైన స్థితి. దొంగచాటుగా చూస్తున్నట్టు ఉండవచ్చు, జనసమ్మర్దంలో చిక్కుకున్నట్టు ఉండవచ్చు, ఎంత పరుగెత్తినా మన వైపు చేరుకోలేకపోతున్నట్టు ఉండవచ్చు. వీటిలో ఏది నిజమో సన్నివేశం చెబుతుంది. అలాగే వైడ్ లెన్స్‌తో తీసిన క్లోజప్‌లో కెమెరా ఆ మనిషి ముఖానికి నిజంగానే జానెడు దూరంలో ఉంటుంది. చూసేవారికి లెన్సుల లెక్కలు తెలియకపోయినా ఆ సామీప్యం ఒంటికి తెలుస్తుంది.

కెమెరా కదలిక విషయంలో నేను విద్యార్థులను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది: కదలిక మనిషి కన్నా ముందు మొదలైందా, తర్వాత మొదలైందా? పాత్ర లేచి నడవడం మొదలుపెట్టాక కెమెరా కదిలితే మనం ఆమెను అనుసరిస్తున్నాం. ఆమె ఏమి చేయబోతోందో మనకు తెలియదు. ఆమె ఇంకా కూర్చుని ఉండగానే కెమెరా తలుపు వైపు జరగడం మొదలుపెడితే, కథ చెప్పేవారికి ఏదో ముందే తెలుసు. ఆ జ్ఞానం మనలో ఎదురుచూపుగానో భయంగానో మారుతుంది. ఆమె వెళ్లిపోయాక కూడా కెమెరా ఖాళీ కుర్చీ దగ్గరే ఉండిపోతే, ఇక ఆ చూపు పాత్రది కాదు, కథకుడిది. ట్రాలీయా, స్టెడీక్యామా (ఒంటికి కట్టుకుని కుదుపు లేకుండా తీసే పరికరమా), చేత్తో పట్టుకుని తీశారా అనే ప్రశ్న కన్నా ఈ ప్రశ్న నాకు ఎన్నో రెట్లు ఫలితమిచ్చింది, అయినా దీన్ని గురించి మాట్లాడేవారు చాలా తక్కువ.

వెలుతురు, రంగు గురించి ఇక్కడ ఎక్కువ చెప్పను. వాటికీ సూత్రం ఇదే. ఎరుపు అంటే ప్రమాదం అని రాసేముందు, ఆ సినిమాలో ఎరుపు అంతకుముందు ఎక్కడ కనిపించిందో, ఎక్కడ కనిపించకుండా దాచారో చూడండి.

ఇక ఎడిటింగ్. మీ ప్రశ్నలో అసలు ఇబ్బంది ఇక్కడే ఉందని నాకు అనిపిస్తోంది, ఎందుకంటే షాట్‌ను ఆపి చూడవచ్చు గానీ కట్‌ను ఆపి చూడలేము. అది రెండు ఫ్రేముల మధ్య జరుగుతుంది, జరిగినట్టు తెలియకుండా ఉండటమే చాలాసార్లు దాని లక్ష్యం.

ఈ విషయం ఎవరు మొదలుపెట్టినా కులెషోవ్ ప్రయోగంతోనే మొదలుపెడతారు. 1920 ప్రాంతంలో రష్యాలో సినీ దర్శకుడు లెవ్ కులెషోవ్, మొజూఖిన్ అనే నటుడి నిర్వికారమైన ముఖాన్ని సూప్ గిన్నె, శవపేటిక వంటి వేర్వేరు షాట్లతో కలిపి చూపించారనీ, ప్రేక్షకులు ఆ ఒకే ముఖంలో ఒకచోట ఆకలినీ మరోచోట దుఃఖాన్నీ చూసి నటనను మెచ్చుకున్నారనీ ఆయన శిష్యుడు పుడోవ్‌కిన్ రాశారు. ఆ ఫిల్మ్ ఇప్పుడు లేదు, అందులో ఏయే షాట్లు ఉన్నాయన్న విషయంలో కథనాలు ఒకదానితో ఒకటి సరిపోవు. 1992లో ఇద్దరు పరిశోధకులు దాన్ని మళ్లీ చేసి చూస్తే ఆశించిన ఫలితం రాలేదు. ఆ తర్వాత జరిగిన కొన్ని ప్రయోగాల్లో కొంతమేరకు వచ్చింది. కాబట్టి దీన్ని ప్రకృతి నియమంలా ఉదహరించవద్దు. పక్కనున్న షాట్ ముఖాన్ని చదివే తీరును మారుస్తుందన్నది నేను పనిలో రోజూ చూసే నిజం. కానీ ఆ మార్పు ఎంత అన్నది ముఖం మీద, ఎదురుచూపు మీద, అంతవరకూ నడిచిన కథ మీద ఆధారపడి ఉంటుంది. కథ ఏమీ లేని మూడు షాట్ల ముక్క చూపించి అంతటి ప్రభావాన్ని ఆశించడమే పొరపాటని నా అభిప్రాయం.

ఇదే విషయాన్ని సస్పెన్స్ చిత్రాల దర్శకుడు హిచ్‌కాక్ 1964లో ఒక టెలివిజన్ సంభాషణలో మరింత ఉపయోగకరంగా వివరించారు. ఒక పెద్దమనిషి చూస్తాడు, బిడ్డతో ఉన్న తల్లి కనిపిస్తుంది, అతను నవ్వుతాడు. దయగల మనిషి అనుకుంటాం. మధ్య షాట్ తీసేసి అక్కడ బికినీ వేసుకున్న యువతిని పెడితే, అదే నవ్వు అతన్ని కాముకుణ్ణి చేస్తుంది. ఇందులో ముఖ్యమైనది మూడు షాట్ల వరుస: చూడటం, చూసినది, దానికి స్పందన. మీరు ఏ సన్నివేశం చూసినా ఈ వరుసను వెతకండి. ఎవరి చూపుతో మనం లోపలికి వెళుతున్నాం, చివరికి ఎవరి స్పందన దగ్గర ఆగుతున్నాం అన్నది తేలితే ఆ సన్నివేశం ఎవరి పక్షాన ఉందో తెలిసినట్టే.

నేను నేర్పేటప్పుడు వాడే ఒక చిన్న అభ్యాసం చెబుతాను. తల్లి, కూతురు ఒక బల్లకు అటూ ఇటూ కూర్చుని ఉంటారు. తల్లి "వెళ్లిపోతున్నావా?" అంటుంది. కూతురు "రేపు పొద్దున" అంటుంది. రెండే మాటలు. ఇద్దరి మీదా విడివిడిగా క్లోజప్‌లు, ఇద్దరూ కలిసి ఉన్న ఒక లాంగ్ షాట్, రెండు సజెషన్ షాట్లు (ఒకరి భుజం మీదుగా మరొకరిని చూపేవి) ఉన్నాయనుకోండి. నటన మారదు, టేకులు మారవు. కట్ మాత్రమే మారుతుంది.

ఎవరు మాట్లాడితే వారి మీద ఉంటూ కట్ చేస్తే మనకు సమాచారం అందుతుంది, అంతే. ఆ సన్నివేశం ఎవరిదీ కాదు. ప్రశ్న మొదలవడానికి ముందే కూతురి ముఖం మీదికి వెళ్లి, తల్లి గొంతు ఫ్రేమ్ బయటి నుంచి వినిపించేలా చేస్తే, ఆ ప్రశ్న వస్తుందని కూతురికి ముందే తెలుసునని అనిపిస్తుంది. ఆమె దానికోసం భయపడుతూ కూర్చుంది. దీనికి విరుద్ధంగా ప్రశ్న అడిగాక కూడా తల్లి మీదే ఉండిపోయి, "రేపు పొద్దున" అన్న మాటను ఆమె ముఖం మీద వినిపిస్తే, ఆ మాట ఆమెలో ఎక్కడ గుచ్చుకుందో చూస్తాం. కూతురి ముఖం కనిపించకపోవడం వల్ల ఆమె తల్లికి అప్పటికే కొంత దూరమైపోతుంది. అసలు కట్ చేయకుండా లాంగ్ షాట్‌లోనే రెండు మాటలూ నడిపితే, వారిద్దరి మధ్యనున్న బల్ల మూడో పాత్ర అవుతుంది, ఎవరి పక్షాన ఉండాలన్నది చూసేవారికే వదిలేస్తాం.

ఇప్పుడు మొదటి పద్ధతినే తీసుకుని మధ్యనున్న మౌనాన్ని మార్చండి. సెకనుకు 24 ఫ్రేములు. ప్రశ్న ముగిసిన రెండు మూడు ఫ్రేముల్లోనే జవాబు వస్తే, కూతురు ఆ జవాబును సిద్ధం చేసుకుని ఉంది, బహుశా కోపంగా కూడా ఉంది. పన్నెండు ఫ్రేములు ఆగితే మామూలు సంభాషణ. ఒక సెకను పైన ఆగితే ఆమెకు చెప్పాలని లేదు. రెండు సెకన్లు ఆపి, ఆ వ్యవధిలో తల్లి ముఖాన్ని ఒకసారి చూపి తిరిగి కూతురి దగ్గరికి వస్తే, ఆమె చెప్పేది అబద్ధమేమో అన్న అనుమానం మొలుస్తుంది. నటి అంత ఆగకపోయినా ఎడిటర్ ఆపగలడు. ఆమె ముఖం కావలసివస్తే "యాక్షన్" అనకముందు ఆమె ఊరికే కూర్చుని ఉన్న క్షణం నుంచి కూడా తీసుకుంటాం. ఇది ఎడిటర్లందరూ చేసే పనే. తెరమీద ఒక నటి "ఆలోచిస్తోంది" అని మీరు రాసే ముందు, ఆ ఆలోచనలో ఎంత భాగం ఆమెదో, ఎంత భాగం కట్‌దో ఒకసారి ప్రశ్నించుకోండి.

రెండు వేర్వేరు చోట్ల జరిగేవాటిని మార్చి మార్చి చూపించే ఇంటర్‌కట్ గురించి కూడా అడిగారు. రెండు చోట్లనూ అలా కలపగానే, వాటి మధ్య సంబంధం ఉందని చూసేవారు తమంతట తామే నిర్ణయించుకుంటారు. ఆ నిర్ణయాన్నే వాడుకుని చేసిన గొప్ప మోసం 1991 నాటి "ద సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్"లో ఉంది. పోలీసు దళం ఒక ఇంటిని చుట్టుముడుతుంది, లోపల హంతకుడి ఇంట్లో గంట మోగుతుంది, అతను వెళ్లి తలుపు తెరుస్తాడు; బయట నిలబడింది ఒంటరిగా వచ్చిన కథానాయిక. దళం వెళ్లింది వేరే ఊళ్లోని ఖాళీ ఇంటికి. సినిమా ఎక్కడా ఆ రెండూ ఒకే ఇల్లు అని చెప్పలేదు. రెండింటినీ పక్కపక్కన పెట్టింది, మిగిలినది మనమే పూరించుకున్నాం. ఈ సన్నివేశాన్ని నిజం తెలిసిన తర్వాత రెండోసారి చూస్తే, ఏ కట్ దగ్గర మీరు నమ్మారో వేలుపెట్టి చూపగలుగుతారు. అదే సినిమాలో మరో విషయం కూడా చూడండి: ఆమెతో మాట్లాడే మగవాళ్లు చాలాచోట్ల నేరుగా లెన్స్‌లోకి చూస్తారు, ఆమె చూపు మాత్రం లెన్స్‌కు కొంచెం పక్కగా ఉంటుంది. ఆ చూపులు ఆమె మీద పడుతున్నట్టే మన మీద పడతాయి. ఇది ఎవరూ చెప్పకుండా సినిమా అంతటా పనిచేస్తూ ఉంటుంది.

శబ్దాన్ని వదిలేసి ఎడిటింగ్ గురించి మాట్లాడలేము. మీ ప్రశ్నలో శబ్దం ఊసే లేదు, అందుకే ప్రత్యేకంగా చెబుతున్నాను. కట్ కనిపించకుండా ఉండటానికి చాలాసార్లు కారణం చిత్రం కాదు, కట్ మీదుగా సాగిపోయే ధ్వని. రాబోయే సన్నివేశం శబ్దం ముందే వినిపిస్తే, మనం ఇంకా ఇక్కడుండగానే మనసు అక్కడికి లాగబడుతుంది. పోయిన సన్నివేశం శబ్దం తర్వాతి చిత్రం మీద కొనసాగితే, జరిగినది ఇంకా వదలలేదన్న భావం మిగులుతుంది. ఇక శబ్దాన్ని తీసేయడం ఎంతటి శక్తిమంతమైన పనో చూడాలంటే 1955 నాటి "పథేర్ పాంచాలి" చాలు. ఊరినుంచి తిరిగివచ్చిన తండ్రి, చనిపోయిన కూతురికోసం తెచ్చిన చీరను ఆమె తల్లి చేతికి ఇచ్చినప్పుడు, తల్లి ఏడుపు మనకు వినిపించదు. దాని స్థానంలో తార్ షెహనాయి అనే తంత్రీవాద్యపు పైస్థాయి స్వరం వినిపిస్తుంది. ఆ ఏడుపు మామూలుగా వినిపించివుంటే ఎలా ఉండేదో ఊహించి చూడండి. అది ఒక ఇంటి దుఃఖంగా ఉండేది. ఇప్పుడు అది వినేవాడి గొంతులోకి వచ్చి కూర్చుంటుంది.

సాధన ఎలా చేయాలి? మీకు నచ్చిన సినిమా నుంచి, ఇద్దరు ముగ్గురు మాత్రమే ఉన్న, రెండు మూడు నిమిషాల సన్నివేశం ఎంచుకోండి. పోరాటాలు, పాటలు వద్దు. వాటిలో కట్లు ఎక్కువ, నిర్ణయాలు మొదట్లో కంటికి ఆనవు. ముందు మామూలుగా చూసి, మీకు ఏమి అనిపించిందో రెండు వాక్యాలు రాసుకోండి. ఇది చాలా ముఖ్యం, ఎందుకంటే చివరికి మీరు వివరించవలసింది ఆ అనుభూతినే. తర్వాత శబ్దం తీసేసి చూడండి; ఎవరు ఎవరికన్నా ఎక్కువసేపు కనిపిస్తున్నారో తెలుస్తుంది. ఆ తర్వాత తెరవైపు చూడకుండా విని చూడండి. ఏ శబ్దాలు సహజంగా ఉండవలసివుండి లేవో అప్పుడు తెలుస్తుంది.

అప్పుడు కాగితం తీసుకుని ప్రతి షాట్‌నూ ఒక వరుసగా రాయండి: ఎంతసేపు ఉంది, ఎంత దగ్గర, ఎవరి మీద, కెమెరా కదిలిందా, కట్ మాట మధ్యలో పడిందా, మాట తర్వాత పడిందా, ఒక చూపు మీద పడిందా. పని విసుగుగా ఉంటుంది, అయినా దీనికి ప్రత్యామ్నాయం లేదు. రాయడం పూర్తయ్యాక ఆ పట్టికలో మిగిలినవాటితో పొసగని ఒక్క షాట్ కోసం వెతకండి. అన్నీ మూడు సెకన్లుండగా ఒకటే పదకొండు సెకన్లు నిలిచిందా? అందరూ సజెషన్ షాట్లలో ఉండగా ఒకరిని మాత్రం ఒంటరిగా ఫ్రేమ్ చేశారా? మాటలన్నీ మాట్లాడేవారి మీద ఉండగా ఒక్క మాట వినేవారి మీద పడిందా? మీ విశ్లేషణ అక్కడినుంచి మొదలవ్వాలి, మొదటి షాట్ నుంచి కాదు. మీ రాతలు జాబితాలుగా మారడానికి కారణం మీరు అన్ని షాట్లకూ సమానమైన చోటు ఇవ్వడమే అయివుంటుంది.

ఆ షాట్ గురించి రాసేటప్పుడు "ఇక్కడ క్లోజప్ వాడి భావోద్వేగాన్ని పెంచారు" వంటి వాక్యం రాస్తే ఆపి చూసుకోండి. అది ఏ సినిమాకైనా అతుకుతుంది, కాబట్టి ఏమీ చెప్పడం లేదు. "అంతవరకూ తల్లీకూతుళ్లిద్దరూ ఒకే ఫ్రేమ్‌లో ఉన్నారు, వెళ్లిపోతానన్న మాట తర్వాత వారిని మళ్లీ కలిపి చూపలేదు" అని రాస్తే, మీ పాఠకుడు వెళ్లి సరిచూసుకోగల విషయం చెప్పినట్టవుతుంది, దాని అర్థం కూడా దానిలోనే ఉంటుంది.

కొన్ని హెచ్చరికలు. తెరమీద కనిపించేదంతా ఎవరో కోరి చేసింది కాదు. వెలుగు పోతోందని తొందరగా ముగించిన షాట్లు, ఒకే ఒక్క టేక్‌లో ఫోకస్ సరిగా ఉందని ఎంచుకున్నవి, కంటిన్యూటీ (ఒక షాట్‌కూ మరో షాట్‌కూ పొంతన) దెబ్బతిన్నందువల్ల తప్పనిసరై లాంగ్ షాట్‌కు వెళ్లినవి నేను పనిచేసిన ప్రతి సినిమాలో ఉన్నాయి. అందువల్ల ఆ షాట్లకు అర్థం లేకుండా పోదు, ఎందుకంటే చూసేవారికి అందేది తెర మాత్రమే. కానీ "దర్శకుడు ఇలా ఉద్దేశించారు" అని రాయకుండా "ఈ షాట్ ఇలా పనిచేస్తోంది" అని రాయడం నిజాయితీ అవుతుంది.

రెండోది, మీరు చూస్తున్న సినిమా కాపీ సరైనదేనా అని చూసుకోండి. సినిమాస్కోప్‌లో (బాగా వెడల్పైన ఫ్రేమ్‌లో) తీసిన సినిమాను పాత టీవీ చట్రానికి సరిపడేలా కోసేస్తే ఫ్రేమ్ వెడల్పులో 40 శాతానికి పైగా పోతుంది; అసలులో లేని ప్యాన్‌లు (పక్కకు జరిగే చూపులు), కట్లు వచ్చిచేరతాయి. ఫోన్‌లో నిలువుగా కత్తిరించిన క్లిప్పుల మీద ఫ్రేమింగ్ గురించి ఏమీ రాయకూడదు. టీవీలో కదలికను నునుపుగా చేసే సెట్టింగ్ ఉంటే ఆపేయండి. అది లేని ఫ్రేములను సృష్టించి కెమెరా కదలిక స్వభావాన్నే మార్చేస్తుంది.

మూడోది, 180 డిగ్రీల నియమం (మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఊహించుకున్న రేఖకు కెమెరా ఒకే వైపున ఉండాలనేది) వంటివాటిని తప్పొప్పుల తూనికరాళ్లుగా వాడవద్దు. పైన చెప్పిన ఓజు ఆ రేఖను అలవాటుగా దాటేవారు, అయినా ఆయన సినిమాల్లో ఎవరు ఎక్కడున్నారో మనకు తెలియకపోదు, ఎందుకంటే ఆ సినిమాలకు తమదైన క్రమం ఉంది. రేఖ దాటినప్పుడు "తప్పు చేశారు" అని రాయడానికి ముందు, అంతకుముందు ఎన్నిసార్లు దాటారో, ఈసారి దాటినప్పుడు కథలో ఏమి తిరగబడిందో చూడండి.

చివరగా సాఫ్ట్‌వేర్ సంగతి. ఉచితంగా దొరికే ఏ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ అయినా సరిపోతుంది; కట్ చేయడం, శబ్దాన్ని చిత్రం నుంచి విడదీసి జరపడం వస్తే చాలు, ఎఫెక్ట్‌లు ఏవీ అవసరం లేదు. ఇద్దరు స్నేహితులను కూర్చోబెట్టి పైన చెప్పిన రెండు మాటల సన్నివేశాన్ని ఫోన్‌తో తీయండి. ఒకే రష్ నుంచి రెండు వెర్షన్లు చేయండి, ఒకటి తల్లిదిగా, ఒకటి కూతురిదిగా. వాటిని కథ తెలియని వారికి విడివిడిగా చూపించండి. "ఏది బాగుంది?" అని అడగవద్దు, ఆ జవాబుతో మీకు ఉపయోగం లేదు. "వీళ్లిద్దరిలో ఎవరు ఏమి దాస్తున్నారు?" అని అడగండి. రెండు వెర్షన్లకూ ఒకే జవాబు వస్తే మీ కట్ ఇంకా అర్థాన్ని మార్చలేదన్నమాట. అప్పుడు ఫ్రేముల సంఖ్యతో కుస్తీ పట్టకుండా, ఆ కీలకమైన మాట వినిపిస్తున్నప్పుడు మనం ఎవరి ముఖం మీద ఉన్నామన్నది మార్చి మళ్లీ చూపించండి.